ఎప్పుడు ఆపాలి, ఎవరు ఎక్కాలి: పవన విద్యుత్ క్షేత్రాల్లో సిబ్బంది పర్యవేక్షణ

పవన విద్యుత్ క్షేత్రంలో పర్యవేక్షకుడి పని ప్రధానంగా మూడు నిర్ణయాలు: యంత్రాన్ని ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు ఆపకూడదు, ఆపిన యంత్రం మీదికి ఎవరిని ఎక్కించాలి. విడిభాగాల ఇండెంట్లు, హాజరు పట్టీలు, వాహనాల డీజిల్ లెక్కలు, నెలవారీ నివేదికలు అన్నీ వీటి చుట్టూ తిరిగేవే. థర్మల్ కేంద్రంలో వందల మెగావాట్లు ఒకే ఆవరణలో ఉంటాయి. షిఫ్ట్ ఇంజనీరు నడిచి వెళ్లి టర్బైన్‌ను చూసి రావచ్చు. అనంతపురం జిల్లాలో ఉరవకొండ, బెలుగుప్ప, వజ్రకరూరు వైపు గానీ, కర్నూలు జిల్లాలో ఆస్పరి వైపు గానీ వంద మెగావాట్ల క్షేత్రమంటే రెండేసి మెగావాట్ల యంత్రాలు యాభై. అవి వేరుశనగ చేల మధ్యా గుట్టల మీదా కిలోమీటర్ల దూరం చెదిరి ఉంటాయి. ఉదయం ఇద్దరు ముగ్గురేసి జట్లుగా సిబ్బంది ఎవరి బండిలో వాళ్లు వెళ్లిపోతారు. ఆ తర్వాత పర్యవేక్షకుడి కళ్లెదుట జరిగే పని చాలా తక్కువ. ఫోన్లో విన్నదాన్నీ, తెర మీది అంకెలనూ, మనిషి మీది నమ్మకాన్నీ బట్టి నడిపించేదే ఎక్కువ.

ఆంధ్రప్రదేశ్‌లో పవన విద్యుత్ స్థాపిత సామర్థ్యం నాలుగు వేల మెగావాట్లు దాటింది. అందులో అత్యధిక భాగం రాయలసీమలోనే ఉంది. తెలంగాణలో ఉన్నది 128 మెగావాట్లే. కాబట్టి తెలుగు నేల మీద ఈ పని స్వరూపాన్ని నిర్ణయించినవి రాయలసీమ గాలి, ఎండ, పల్లెలే.

ఒక మాదిరి సైట్లో సిబ్బంది అమరిక ఇలా ఉంటుంది. కంట్రోల్ రూములో ఇరవై నాలుగు గంటలూ షిఫ్టుల వారీగా ఆపరేటర్లు ఉంటారు. ప్రతి యంత్రం స్థితినీ స్కాడా అనే కంప్యూటర్ పర్యవేక్షణ వ్యవస్థ తెర మీద చూస్తుంటారు. నిర్ణీత సర్వీసింగుకు ఒక బృందం, బ్రేక్‌డౌన్లకు ఇంకో బృందం. 33 కేవీ లైన్లకు, ప్రతి యంత్రం పక్కనా ఉండే ట్రాన్స్‌ఫార్మర్లకు వేరే మనుషులు. అన్ని యంత్రాల విద్యుత్తూ చేరే పూలింగ్ సబ్‌స్టేషన్‌కు మరికొందరు. ఆపైన వాచ్‌మన్లు, డ్రైవర్లు. టెక్నీషియన్లు ఎక్కువగా ఐటీఐ, డిప్లొమా చదివినవాళ్లు. వాచ్‌మన్లు దాదాపు ఎప్పుడూ ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. వీళ్లలో చాలామంది కాంట్రాక్టరు మనుషులు. అంటే సైట్ ఇన్‌చార్జి ఆజ్ఞాపించే మనుషుల జీతం, సెలవు, బదిలీ అతని చేతిలో ఉండవు. ఈ రంగంలో క్రమశిక్షణ గురించి మాట్లాడేవారు ఈ సంగతిని తరచూ పక్కన పెట్టేస్తారు.

ఈ సిబ్బంది ఎవరి కింద పనిచేయాలన్నది పాత చర్చ. మొదటి పద్ధతిలో యంత్రాన్ని తయారుచేసిన కంపెనీయే ఏళ్ల తరబడి నిర్వహణ ఒప్పందం తీసుకుంటుంది. యజమాని తరఫున ఒకరిద్దరు ఇంజనీర్లు లెక్కలు చూసుకుంటారు. రెండో పద్ధతిలో యజమానే సొంత సిబ్బందిని పెట్టుకుంటాడు. మూడోది ఇద్దరికీ చెందని సర్వీసు సంస్థకు అప్పగించడం. తొలి సంవత్సరాల్లో మొదటిదే మేలు: వారంటీ, విడిభాగాలు, కంట్రోలర్ సాఫ్ట్‌వేర్ అన్నీ ఒకే చోట దొరుకుతాయి. కానీ లోపాల చరిత్ర, పాస్‌వర్డులు, సిబ్బంది అనుభవం కూడా తయారీదారు దగ్గరే ఉండిపోతాయి. ఆ కంపెనీ మూతపడినా, ఆ మోడల్‌ను వదిలేసినా యజమానికి మిగిలేది ఉక్కు స్తంభాలే. దేశంలో ఇలా దిక్కులేకుండా పోయిన పాత యంత్రాలు తక్కువేమీ లేవు. పెద్ద యజమానులు క్రమంగా సొంత నిర్వహణ వైపు మొగ్గడానికి ఖర్చు ఎంత కారణమో ఈ భయమూ అంతే కారణం. ఏ పద్ధతిలోనైనా యజమానికి కావలసింది యూనిట్లు, సర్వీసు సంస్థ ఒప్పుకున్నది లభ్యత శాతం, అంటే యంత్రం తిరగడానికి సిద్ధంగా ఉన్న సమయం వాటా. ఈ రెండూ ఒకటి కావు. పర్యవేక్షణలో వచ్చే చిక్కుల్లో సగం ఇక్కడే పుడతాయి.

దీన్ని అర్థం చేసుకోవడానికి ముందు గాలి క్యాలెండర్ చూడాలి. రాయలసీమకు గాలి నైరుతి రుతుపవనాలతో వస్తుంది. మే చివర నుంచి సెప్టెంబరు దాకా ఏడాది ఉత్పత్తిలో సింహభాగం వచ్చేస్తుంది. గాలి వేగం రెట్టింపైతే దానిలోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది గనుక సీజన్‌కూ మిగతా కాలానికీ తేడా కంటికి కనిపించేదానికంటే చాలా ఎక్కువ. యంత్రం సెకనుకు సుమారు 3 మీటర్ల గాలికి ఉత్పత్తి మొదలుపెడుతుంది. 12 మీటర్ల ప్రాంతంలో పూర్తి సామర్థ్యం అందుకుంటుంది. 20, 25 మీటర్ల దగ్గర తనంత తానే ఆగిపోతుంది. రెండు మెగావాట్ల యంత్రం రోజంతా నిండుగా తిరిగితే 48,000 యూనిట్లు. రాష్ట్రంలో ఒక దశలో అమల్లో ఉన్న యూనిట్‌కు రూ. 4.84 ధర ప్రకారం అది రూ. 2.3 లక్షల పైమాట. జనవరిలో అదే యంత్రం రోజంతా ఆగినా పోయేది అందులో కొద్దిపాటి భాగమే.

కాబట్టి మంచి సైట్లో సర్వీసింగ్ అంతా అక్టోబరు నుంచి మే మధ్యలోపు అయిపోవాలి. ఆరు నెలలకోసారి, ఏడాదికోసారి చేయవలసిన పనుల జాబితా పెద్దదే. టవర్ అంచుల బోల్టుల బిగువును, బ్లేడ్ల మొదళ్ల బోల్టుల బిగువును హైడ్రాలిక్ టార్క్ రెంచ్‌తో సరిచూడాలి. మెయిన్ బేరింగుకు గ్రీజు పెట్టాలి, ఫిల్టర్లు మార్చాలి, జనరేటర్ కార్బన్ బ్రష్షుల అరుగుదల కొలవాలి. కరెంటు పోయినప్పుడు బ్లేడ్లను తిప్పి యంత్రాన్ని ఆపే పిచ్ బ్యాటరీలను పరీక్షించాలి. వీటిలో చివరిది మిగతావాటి వంటిది కాదు. గాలి ఉధృతంగా ఉన్నప్పుడు గ్రిడ్ పడిపోతే రోటర్‌ను అదుపులో పెట్టేది ఆ బ్యాటరీలే. 2008 ఫిబ్రవరిలో డెన్మార్క్‌లోని హార్న్‌స్లెట్ దగ్గర తుపాను గాలిలో బ్రేకులు పనిచేయని ఒక యంత్రం వేగం పట్టలేక ముక్కలైంది. ఆ వీడియో ఇప్పటికీ శిక్షణ తరగతుల్లో చూపిస్తారు.

గేర్‌బాక్సు సంగతి వేరే చెప్పుకోవాలి. నిమిషానికి పదిహేను ఇరవై చుట్లు తిరిగే రోటర్ వేగాన్ని జనరేటర్ కోసం వంద రెట్ల దాకా పెంచేది అది. అది విరిగితే దింపడానికి తొంభై, నూట ఇరవై మీటర్ల ఎత్తు అందుకునే క్రేన్ కావాలి. ఆ క్రేన్‌ను పదుల ట్రైలర్లలో విడదీసి తెచ్చి, చేల మధ్య దారి చదునుచేసి నిలబెట్టాలి. గాలి ఎక్కువైతే క్రేన్ పనిచేయకూడదు. అందువల్ల జులైలో గేర్‌బాక్సు పోయిన యంత్రం సీజన్ అయ్యేదాకా ఊరికే నిలబడిపోవచ్చు. ఫిబ్రవరిలో తీసిన నూనె నమూనాలో ఇనుప రజను పెరిగిందని ల్యాబు చెబితే, కంపనాల నమోదు కూడా అదే చెబితే, ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టేవాడికీ ఏప్రిల్లోనే క్రేన్ అడిగేవాడికీ మధ్య తేడా ఏడాది చివర లక్షల యూనిట్లలో తేలుతుంది.

ఇక లభ్యత శాతం. భారతదేశంలో నిర్వహణ ఒప్పందాలు సాధారణంగా 95 శాతం, ఆపైన యంత్ర లభ్యతకు హామీ ఇస్తాయి. 95 శాతమంటే ఏడాదిలో 438 గంటలు, అంటే పద్దెనిమిది రోజులు ఆగినా ఒప్పందం చెడదు. ఆ పద్దెనిమిది రోజులు డిసెంబరులో పడ్డాయా, నిండు గాలిలో పడ్డాయా అన్నది సమయం మాత్రమే లెక్కించే పద్ధతికి పట్టదు. అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 61400-26 పేరిట 2011లో సమయం ఆధారంగా లభ్యతను లెక్కించే పద్ధతిని, 2014లో ఉత్పత్తి ఆధారంగా లెక్కించే పద్ధతిని వెలువరించింది. రెండోది ఆగిన గంటలో వీచిన గాలిని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఒప్పందం ఏ లెక్క మీద రాసుకున్నారో బట్టి సైట్లో మనుషుల ప్రవర్తన మారుతుంది. సమయం లెక్క ఉన్నచోట గాలిలేని రాత్రి ఆగిన యంత్రం కోసం జట్టును పరుగెత్తించడం, గాలి ఉన్న పగలు పూర్తి సామర్థ్యం రాకుండా తిరుగుతున్న యంత్రాన్ని పట్టించుకోకపోవడం రెండూ ‘మంచి పనితీరు’ కిందికే వస్తాయి. తిరుగుతున్నా గాలివైపు సరిగా మొహం తిప్పని యంత్రం, బ్లేడ్ల కోణం తప్పిన యంత్రం లభ్యత పట్టికలో నూటికి నూరు చూపిస్తుంది. స్కాడా పది నిమిషాలకోసారి నమోదు చేసే గాలి వేగాన్నీ ఉత్పత్తినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే ఆ దొంగ బయటపడుతుంది.

లోపాలను అలారాల సంఖ్యతో కొలవడం కూడా ఇలాగే తప్పుదారి పట్టిస్తుంది. జర్మనీలో 1989 నుంచి 2006 దాకా నడిచిన ఒక పెద్ద పరిశీలనా కార్యక్రమం వందలాది చిన్న, మధ్యస్థ యంత్రాల మరమ్మతు నివేదికలను పోగుచేసింది. ఆ సమాచారాన్ని విశ్లేషించినవారికి తేలిందేమంటే, లోపాల్లో 75 శాతం చిన్నవి, అవి యంత్రం ఆగిన కాలంలో 5 శాతానికే కారణం. మిగిలిన 25 శాతం లోపాలు 95 శాతం కాలాన్ని మింగాయి. దీన్నిబట్టి చిన్న లోపాలను వదిలేయవచ్చని కొందరు తీర్మానిస్తారు. నేల మీది క్షేత్రాలకు అది కొంతవరకు నిజం. పడవ మీద వెళ్లవలసిన సముద్ర క్షేత్రాల్లో చిన్న లోపమే రోజులు తింటుంది. అయితే నేల మీద కూడా ఆ తీర్మానం ఒక ముఖ్య విషయాన్ని మరుగున పెడుతుంది. పెద్ద లోపం ముందుగా చిన్న అలారంగానే మొహం చూపిస్తుంది.

ఇక్కడే రీసెట్ ప్రశ్న వస్తుంది. చాలా అలారాలను కంట్రోల్ రూము నుంచే ఒక నొక్కుతో తుడిచేసి యంత్రాన్ని మళ్లీ నడపవచ్చు. సీజన్లో, అర్ధరాత్రి, ఉత్పత్తి అంకె కోసం పైనుంచి ఫోను వస్తున్నప్పుడు ఆపరేటరు చేయి రీసెట్ మీదికే పోతుంది. గేర్‌బాక్సు నూనె వేడెక్కిందన్న అలారాన్ని ఒకసారి తుడవడం తప్పుకాదు. ఒకే రాత్రి ఆరుసార్లు తుడిస్తే అది ఇంకేదో. కంపనం, అధిక వేగం, పొగ, పిచ్ వ్యవస్థకు సంబంధించిన అలారాలను మనిషి వెళ్లి చూడకుండా రీసెట్ చేయకూడదన్న నియమం, మిగతావాటికి ఒక రోజులో ఇన్నిసార్లే అన్న హద్దు రాతపూర్వకంగా ఉండాలి. ఆ కాగితం ఆపరేటరుకు రక్షణ. అది లేనిచోట బాధ్యత అంతా షిఫ్టులో అందరికంటే చిన్న ఉద్యోగి మీద పడుతుంది.

ఎత్తు మీది పని గురించి రాసినవి ఈ రంగంలో అన్నిటికంటే ఎక్కువ, అమలు మాత్రం అసమానం. ప్రపంచ స్థాయిలో తయారీదారులూ యజమానులూ కలిసి ఏర్పరచుకున్న గ్లోబల్ విండ్ ఆర్గనైజేషన్ శిక్షణలో ప్రథమ చికిత్స, బరువులెత్తే పద్ధతి, అగ్ని అవగాహన, ఎత్తులో పని అనే భాగాలుంటాయి. సముద్ర క్షేత్రాలకు వెళ్లేవారికి నీటిలో బతికి బయటపడే శిక్షణ అదనం. రెండేళ్లకోసారి పునశ్చరణ తప్పనిసరి. భారతదేశంలో పెద్ద సైట్లు దీన్ని పాటిస్తున్నాయి. అయితే ఒక్క రోజు పనికి పిలిచే కాంట్రాక్టు మనిషి దగ్గరికి వచ్చేసరికి సర్టిఫికెట్ తేదీ చూడకుండా వదిలేయడం సాధారణం.

ఎక్కే రోజున పర్యవేక్షకుడు చూడవలసినవి కొన్ని కాగితం మీద ఉంటాయి, కొన్ని ఉండవు. పర్మిట్ మీద యంత్రం నంబరు, పని, మనుషుల పేర్లు, గాలి వేగం ఉంటాయి. ఒంటరిగా ఎవరూ ఎక్కకూడదు. టవర్ కొసన ఉండే యంత్రగది అయిన నాసెల్‌లో పనికి ఒక గాలి పరిమితి, బ్లేడ్లు కలిసే హబ్ లోపలికి దిగడానికి అంతకంటే తక్కువ పరిమితి ఉంటుంది. అంకెలు తయారీదారుని బట్టి మారతాయి. రోటర్ లాక్ పిన్ పడనిదే హబ్‌లో అడుగు పెట్టకూడదు. విద్యుత్తు తీసేసినా కన్వర్టర్ కెపాసిటర్లలో చార్జి కొద్ది నిమిషాలు నిలిచే ఉంటుంది, హైడ్రాలిక్ అక్యుమ్యులేటర్లో ఒత్తిడి మిగిలే ఉంటుంది. తాళం వేసి, ట్యాగు కట్టి, కొలిచి చూశాకే చేయి పెట్టాలి. ఏప్రిల్, మే, అక్టోబరు నెలల్లో మధ్యాహ్నం మబ్బు కమ్మితే ఉరుము వినేదాకా ఆగకుండా జట్టును దింపేయాలి. 2013 అక్టోబరు 29న నెదర్లాండ్స్‌లో ఊల్ట్‌గెన్స్‌ప్లాట్ దగ్గర సర్వీసింగ్ జరుగుతున్న యంత్రం నాసెల్‌లో మంటలు లేచాయి. పైనున్న నలుగురిలో ఇద్దరు దిగగలిగారు. ఇరవై ఏళ్లు అటూ ఇటూగా ఉన్న ఇద్దరు యువ టెక్నీషియన్లు చనిపోయారు. దిగే దారి ఒక్కటే ఉన్నచోట మంట ఆ దారికి అడ్డం వస్తే తాడుతో బయటినుంచి దిగే పరికరం ఎక్కిన ప్రతిసారీ వెంట ఉండాలన్న పాఠం ఆ ఘటనతో ఇంకెవరూ కాదనలేనిదైంది.

కాగితం మీద ఉండనివి మనుషుల సంగతులు. లిఫ్టు లేని ఎనభై మీటర్ల టవర్‌ను నిచ్చెన మీద ఎక్కడానికి అలవాటైనవాడికీ దాదాపు పావుగంట పట్టవచ్చు. బయట నలభై డిగ్రీలు దాటిన అనంతపురం ఎండలో నాసెల్ లోపల ఇంకా వేడి. అదే రోజు రెండోసారి ఎక్కినవాడి పట్టు మొదటిసారి పట్టులా ఉండదు. రాత్రి నిద్రలేనివాడు, జ్వరం తగ్గి వచ్చినవాడు, మాత్ర వేసుకున్న రక్తపోటు మనిషి ఉదయం టూల్‌బాక్సు మాటల్లో నోరు విప్పాలి. అక్కడ టెక్నీషియన్ సైట్ ఇన్‌చార్జిని ‘సార్’ అంటాడు, జట్టు పెద్దను ‘అన్నా’ అంటాడు. ‘సార్’కు చెప్పలేనిది ‘అన్న’కు చెబుతాడు. కనుక ఆ రోజు ఎక్కనని చెప్పే హక్కు జట్టు పెద్ద ద్వారా పనిచేసేలా చూడడమే తెలివైన పర్యవేక్షణ. ‘భద్రతే ప్రథమం’ అని గేటు దగ్గర బోర్డు పెట్టి, సాయంత్రం వాట్సాప్‌లో ఉత్పత్తి అంకె ఒక్కటే అడిగే సైట్లో ఆ హక్కు ఎవరూ వాడుకోరు.

ఎత్తు కంటే కరెంటు తక్కువ ప్రమాదమని అనుకోవడం కొత్తవారి పొరపాటు. యంత్రం సాధారణంగా 690 వోల్టులకు తయారుచేసిన విద్యుత్తును పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ 33 కేవీకి పెంచి లైన్‌లోకి పంపుతుంది. లైన్ మీద పనికి సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, తీసుకోవాలి. అది తీసుకున్న మనిషి పేరు మీద ఉంటుంది. పని అయ్యాక ఆ మనిషే తిరిగి ఇవ్వాలి, ఇంకొకరు అతని తరఫున ఇవ్వకూడదు. డిశ్చార్జ్ రాడ్డుతో చార్జి పోగొట్టి, పనిచోటికి రెండు వైపులా ఎర్తింగ్ చేశాకే స్తంభం ఎక్కాలి. ప్రమాదం పుట్టే చోటు ఎప్పుడూ ఒకటే రకం: పక్కపక్క ఫీడర్లలో ఒకటి ఆపి ఇంకోదాని మీద ఎక్కడం, యంత్రం నంబరు ఫోన్లో తప్పుగా వినడం, భోజన విరామంలో పని అయిపోయిందనుకుని లైన్‌లోకి కరెంటు వదలడం. నంబరును వినిపించి తిరిగి చెప్పించుకోవడం, షిఫ్టు మారేటప్పుడు ఇంకా తిరిగి ఇవ్వని ఎల్‌సీలను రిజిస్టర్లో ఎర్ర సిరాతో నమోదు చేయడం పాతకాలపు పద్ధతులే. స్కాడా వచ్చాక కూడా వాటికి బదులు రాలేదు.

నిర్వహణ ఇలా ఉంటే నడపడం ఇంకో లోకం. రోజును పదిహేను నిమిషాల చొప్పున 96 భాగాలు చేసి, ఏ భాగంలో ఎంత ఉత్పత్తి వస్తుందో ముందు రోజే రాష్ట్ర లోడ్ డిస్పాచ్ కేంద్రానికి చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో దీనికి 2017లో నిబంధనలు వచ్చాయి. అంచనా హద్దు దాటి తప్పితే చార్జీలు పడతాయి. అంచనా వేసేది బయటి సంస్థే అయినా, రేపు ఏ యంత్రాలు ఆగుతాయో చెప్పవలసింది సైట్. చెప్పకుండా ఒక ఫీడర్ మొత్తం సర్వీసింగుకు ఆపిన జట్టు యజమానికి జరిమానా తెచ్చిపెడుతుంది. గ్రిడ్ తగ్గించమంటే తగ్గించాలి. ఆ తగ్గింపు సాంకేతిక అవసరమా కాదా అన్న వాదన తర్వాతి సంగతి. 2019లో రాష్ట్ర ప్రభుత్వం పాత పవన, సౌర విద్యుత్ ధరల పునఃసమీక్షకు పూనుకున్నప్పుడు బకాయిలు పేరుకుపోయాయి, ఉత్పత్తి తగ్గింపుల మీద వివాదాలు రేగాయి. 2022 మార్చిలో హైకోర్టు ఉత్పత్తిదారుల పక్షాన తీర్పు చెప్పింది. అలాంటి కాలంలో మొదట కోత పడేది విడిభాగాల కొనుగోలు మీద. వచ్చిన ప్రతి తగ్గింపు ఆదేశానికీ సమయం, చెప్పినవారి హోదా, కారణం లాగ్ బుక్కులో రాసి ఉంటే తర్వాత కోర్టులోనూ విద్యుత్ నియంత్రణ కమిషన్ ముందూ పనికొచ్చేది ఆ పుస్తకమే.

పల్లెతో వ్యవహారం ఏ మాన్యువల్లోనూ ఉండదు. యంత్రానికి వెళ్లే మట్టిదారి ఎవరి చేను పక్క నుంచో పోతుంది. క్రేన్ వచ్చిన ఏడాది పంట నష్టం, పరిహారం, దారికి అడ్డంగా నిలిపిన ట్రాక్టరు మామూలే. రాగి కేబుళ్ల దొంగతనం మరో తలనొప్పి. ఊరివాడైన వాచ్‌మన్‌ను బయటివాడిలా చూసే సైట్లకు ఈ రెండు కష్టాలూ ఎక్కువ. టవర్ తలుపు తీసే ముందు పాము కోసం చూడమని కొత్త ఇంజనీరుకు చెప్పేదీ అతనే.

చివరగా వయసు. రాయలసీమలోని రామగిరి కొండల మీద 1990లలో నిలబెట్టిన యంత్రాలు రెండు వందల పైచిలుకు కిలోవాట్లవి. నేటి యంత్రాల్లో పదోవంతు. డిజైన్ ప్రకారం యంత్రం ఆయుష్షు ఇరవై, పాతికేళ్లు. కేంద్ర ప్రభుత్వం పాత యంత్రాల స్థానంలో పెద్దవి పెట్టడానికి 2016లో ఒక విధానం తెచ్చి, 2023లో దాన్ని సవరించి ఆయుష్షు పొడిగింపును కూడా చేర్చింది. పొడిగించాలంటే పునాది పగుళ్లు, టవర్ వెల్డింగులు, బ్లేడ్ల మొదళ్లు పరీక్షించాలి; యంత్రం ఇన్నేళ్లలో ఎంత భారం మోసిందో లెక్కకట్టాలి. ఆ లెక్కకు ఆధారం సర్వీసింగ్ రికార్డులు, మార్చిన బోల్టుల వివరాలు, తుపాను రోజున యంత్రం ఎలా ఆగిందన్న నమోదు. చాలా సైట్లలో చేతులు మారిన ప్రతిసారీ ఈ కాగితాలు కొన్ని పోయాయి. కంపెనీ మారేటప్పుడు విడిభాగాల జాబితాతో పాటు రికార్డులను కూడా యంత్రం వారీగా లెక్కపెట్టి అప్పగించాలన్న షరతు ఇప్పుడిప్పుడే నిర్వహణ ఒప్పందాల్లోకి వస్తోంది.